సారలమ్మ అడిగిన జాలి

శ్రీమతి సారలమ్మ, భర్త పేరు కొమురయ్య, వయస్సు ఆధార్ కార్డు ప్రకారం యాభై ఎనిమిది సంవత్సరాలు. ఆమె చెప్పే లెక్క ప్రకారం అంతకు రెండో మూడో ఎక్కువ. ఈ దంపతులను నేను ఇరవై నాలుగు సంవత్సరాలుగా ఎరుగుదును. వారి విషయమై ఒక విన్నపం చేయవలసి వచ్చింది. విన్నపం ఒక్క పేజీలో ముగించవచ్చును. కాని ఒక్క పేజీ చదివినవారికి ఇనుప కంచె మాత్రమే కనిపిస్తుంది; దాని పక్కన నడిచిన మనిషి కనిపించడు. అందుచేత ఈ విషయానికి సంబంధించిన మేరకు వారి జీవితాన్ని కొంత వివరంగా రాస్తున్నాను. ఇందులో నేను స్వయంగా చూసినవి కొన్ని, సంబంధిత వ్యక్తులు నాతో చెప్పగా విన్నవి కొన్ని.

తార్నాకలో మా కాలనీ విశ్వవిద్యాలయ ఆవరణను ఆనుకొని ఉంది. రెంటికీ నడుమ పొడవాటి ఖాళీ స్థలం ఒకటి ఉన్నది. మేము దానిని పెరడు అంటాము. విశ్వవిద్యాలయం రికార్డులలో మరొక పేరు ఉండవచ్చును. స్థలం వారిది, శుభ్రంగా ఉంచే బాధ్యత మా కాలనీ సంఘానిది. పెరటికి మా వైపు మూలన ఒక చిన్న గది, విశ్వవిద్యాలయం వైపు చివరన పూర్వం సైకిళ్లు నిలిపిన రేకుల షెడ్డు ఉన్నాయి. గదిలో సారలమ్మ, కొమురయ్యల నివాసం. షెడ్డులో కొమురయ్య పని. గది నుండి షెడ్డు దాకా తూర్పు హద్దున నడుము ఎత్తు రాతి గోడ ఉండేది. ఉండేది అని రాయవలసి రావడమే ఈ వివరణకు కారణం.

వీరిది జనగామ దగ్గర ఒక పల్లె. పెళ్లయిన చాలా ఏళ్లకు పట్నం వచ్చారు. కొమురయ్యకు విశ్వవిద్యాలయం మొక్కల తోటలో రోజుకూలీ పని దొరికింది. గులాబీలకు అంటు కట్టడంలో అతడి చేయి మంచిదని చెప్పుకొనేవారు. సారలమ్మ మా కాలనీలో నాలుగైదు ఇళ్లలో పని కుదుర్చుకున్నది. మా ఇల్లు వాటిలో మొదటిది.

ఆమె పనితీరు గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. మాటతీరు గురించి మాత్రం అందరికీ ఉండేది. ఏ మాటనైనా ఆమె ఒకేసారి చెబుతుంది. వినలేదంటే వినకపోవడం మన పొరపాటు. ఒకసారి గిన్నెలు తోమే సబ్బు నిండుకుంటే, మట్టితో తోమి పెట్టి వెళ్లింది. నా భార్య హన్నా మరునాడు అడిగింది.

“అయిపోయిందని ఇంకోసారి గుర్తు చేయొచ్చు కదా సారలమ్మా?”

“మొన్ననే చెప్పిన గదమ్మా. మీరు తలకాయ ఊపిన్రు. ఊపిన తలకాయను మల్ల ఊపుమంటనా?”

హన్నా నవ్వి ఊరుకున్నది. ఆ మరునాడు సబ్బు తెచ్చాము. ఆమె పద్ధతి అప్పటి నుండి మాకు అలవాటైంది. ఈ పద్ధతి వెనుక గర్వం ఉన్నదని కొందరు అనేవారు. నా అభిప్రాయంలో అది గర్వం కాదు. ఒకరిని రెండుసార్లు అడిగితే అది యాచన అవుతుందని ఆమె నమ్మకం.

కొమురయ్యకు నలభై దాటిన తరువాత చూపు మందగించింది. నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నారు వైద్యులు. కొన్నాళ్లు అతడు ఆ సంగతి దాచాడు. నీళ్లు పెట్టిన మడికే మళ్లీ నీళ్లు పెట్టి, పక్క మడిని ఎండబెట్టినప్పుడు బయటపడింది. తోట పని పోయింది. చూపు పూర్తిగా పోయిన తరువాత కుర్చీలకు కేను అల్లే పని నేర్చుకున్నాడు. విశ్వవిద్యాలయం పాత కుర్చీలతో మొదలుపెట్టి, నల్లకుంట, బౌద్ధనగర్ ఇళ్ల నుండి కూడా కుర్చీలు వచ్చేంతగా అతడికి పేరు వచ్చింది. కుంగిన అల్లికను అరచేత్తో తడిమి, “ఈ కుర్చీల కూసునేటాయన ఒక్క పక్కకే ఒరుగుతడు, జేబుల పర్సు పెద్దది ఉన్నట్టుంది” అనేవాడు. కుర్చీ తెచ్చినవారు అవునని ఒప్పుకునేవారు.

మొదట్లో సారలమ్మ అతడిని చేయి పట్టుకొని షెడ్డుకు తీసుకొని వెళ్లి, సాయంత్రం తీసుకొని వచ్చేది. అతడికి అది ఇష్టం లేదు.

“గొడ్డును గుంజుకపోయినట్టు గుంజుకపోతున్నవే” అనేవాడు.

“గుంజకపోతే ఎట్ల పోతవ్? ఎగురుకుంట పోతవా?” అనేది ఆమె.

ఒకనాడు ఉదయం వెంకటసుబ్బారావు గారి ఇంట్లో చుట్టాలు దిగారు. ఆయన మా కాలనీ సంఘం అధ్యక్షులు, రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఆయన సతీమణి విశాలాక్షి గారు సారలమ్మను తొందరగా రమ్మని కబురు పెట్టారు. సారలమ్మకు భర్తను దిగబెట్టే వ్యవధి లేదు. అతడి ఎడమ చేతిని గోడ మీద ఆనించి, “ఇగో, ఇది గోడ. ఇది ఏడికి పోతే నువ్వు గాడికే పో. షెడ్డు కాడ ఒడుస్తది. ఆడ నిలవడి ఒర్రు, నేనొస్త” అని చెప్పి వెళ్లిపోయింది.

పని ముగించుకొని ఆమె పరుగున షెడ్డుకు వెళ్లేసరికి అతడు కూర్చొని అల్లుకుంటున్నాడు. ఎవరినీ పిలవలేదు.

“నీ గోడ మంచిగనే ఉన్నదే” అన్నాడట. “నీ లెక్క దారి పొడుగూత ఒర్రది.”

ఆనాటి నుండి గత సంవత్సరం వరకు కొమురయ్య ఆ దారిన ఒంటరిగా నడిచాడు. ఎండైనా వానైనా ఎడమ చేయి గోడ మీద, కుడి చేతిలో అన్నం డబ్బా. వెళ్లేటప్పుడు ఎడమ చేయి, వచ్చేటప్పుడు కుడి చేయి. గోడ పై అంచున రాళ్లు అతడి అరచేతి వెడల్పున నున్నబడ్డాయి. ఆ దారిలో అతడిని ఎవరైనా జాలితో పట్టుకోబోతే, “ఇడువుండ్రి సారూ, గోడ నవ్వుతది” అనేవాడు. సారలమ్మకు కూడా ఉదయం, సాయంత్రం రెండు పూటలూ చేతికి వచ్చి, మరి రెండిళ్లలో పని పట్టుకున్నది.

గత సంవత్సరం తొలి వానల్లో ఆ గోడ ఒకచోట కూలింది. కూలిన సందులోంచి బయటివారు ద్విచక్ర వాహనాలు తెచ్చి పెరట్లో నిలపడం మొదలుపెట్టారు. చెత్త వేశారు. సీసాలు కనిపించాయి. కుక్కలు చేరాయి. సంఘం సమావేశమై, మిగిలిన గోడను కూడా తొలగించి, ఇనుప యాంగిల్ స్తంభాలు పాతి, పెరడు చుట్టూ తీగ కంచె వేయాలని నిర్ణయించింది. విశ్వవిద్యాలయం వారు సరేనని, నమూనాతో దరఖాస్తు పెట్టమన్నారు. పనిని సీతాఫల్‌మండికి చెందిన సైమన్ అనే వ్యక్తికి అప్పగించాము. ముళ్ల తీగ వేయాలా, చైన్‌లింక్ అనే అల్లిక కంచె వేయాలా అని అతడు అధ్యక్షుల వారిని విడిగా అడిగాడు.

“దేంట్లోంచి మనిషి దూరడు?” అని అడిగారు వెంకటసుబ్బారావు గారు.

“దూరాలనుకుంటె దేంట్లకెల్లయినా దూరుతడు సార్. ముళ్లదైతె జరంత ఆలోచిస్తడు.”

ముళ్ల తీగ ఖాయమైంది. దరఖాస్తుతో జతచేసిన నమూనాలో కూడా ముళ్ల తీగ అనే రాశారు; అదే మంజూరైంది. ఈ సంభాషణ సారలమ్మకు తెలియదు. కంచె వేస్తారని మాత్రం తెలిసింది. ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. కొమురయ్యకు ఒక కంచె జ్ఞాపకం వచ్చిందట. విశ్వవిద్యాలయం ఆవరణలో టెన్నిస్ ఆడే చోట చుట్టూ అల్లిన ఇనుప కంచె ఉన్నది. తోట పనిలో ఉన్నప్పుడు దాని మీదికి తీగ మొక్కలు పాకించినవాడు కొమురయ్యే.

“అసొంటిదైతె గోడకన్న మంచిగుంటది” అన్నాడు. “గోడకు పట్టు ఉండది. దానికి ఏలు పెడితె పట్టు దొరుకుతది. పోయి సారుకు చెప్పు.”

మరునాడు విశాలాక్షి గారి ఇంట్లో పని ముగించి, సారలమ్మ వరండాలో ఉన్న వెంకటసుబ్బారావు గారి ముందు నిలబడింది.

“సారూ, కంచె ఏస్తున్నరంట గదా.”

“అవునమ్మా. గోడ తీయించేసి స్తంభాలు పాతిస్తున్నాం.”

“మా ఆయినకు కండ్లు కనవడయి, మీకు ఎరికే. జర జాలి ఏయుండ్రి సారూ.”

వెంకటసుబ్బారావు గారు మెత్తని హృదయం గలవారు. చేతిలోని పత్రికను పక్కన పెట్టారు. “ఎంత మాటమ్మా. నువ్వు అడగాలా? తప్పకుండా.”

“మరువకుండ్రి.”

“మరిచిపోయే విషయమా ఇది?”

ఇక్కడ ఒక మాటకు అర్థం చెప్పవలసి ఉన్నది. హైదరాబాదులో అల్లిన ఇనుప కంచెను, కిటికీకి బిగించే తెరను, టీ వడకట్టే సాధనాన్ని కూడా జాలి అంటారు. ఉర్దూ నుండి వచ్చిన మాట. సారలమ్మ అడిగినది అది. మా కాలనీలో అధిక భాగం గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుండి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవారము. దశాబ్దాలుగా ఇక్కడ ఉన్నా మా ఇళ్లలో మాట మారలేదు. అటువంటి కంచెను మేము మెష్ అంటాము. జాలి అంటే మాకు దయ. జాలి వేయడమంటే హృదయం కరగడం. గుడ్డివాడైన భర్త కోసం ఒక పేదరాలు దయ చూపమని ప్రాధేయపడిందని వెంకటసుబ్బారావు గారు అనుకున్నారు. ఆమె ఎన్నడూ ఎవరినీ ప్రాధేయపడలేదన్న సంగతి మా అందరికీ తెలుసు. ఆ క్షణాన అది ఆయనకు జ్ఞాపకం రాలేదు.

ఆ సాయంత్రమే ఆయన మాలో కొందరితో మాట్లాడి, ఆ దంపతులకు సహాయం చేయాలన్నారు. అందరమూ సంతోషంగా ఒప్పుకున్నాము. విశాలాక్షి గారు స్వయంగా నల్లకుంట వెళ్లి ముదురాకుపచ్చ చీర కొన్నారు. ఒక బియ్యం బస్తా, ఒక దుప్పటి కూడా చేర్చారు. సారలమ్మ వాటి వంక చూసింది.

“పండుగ గాదు పబ్బం గాదు, ఏందమ్మా ఇయ్యన్నీ?”

“సార్ ఇమ్మన్నారు సారలమ్మా. కాదనకు.”

పెద్దవారి మాట తీసివేయలేక ఆమె తీసుకున్నది. గోడ కొట్టే ముందు ఇటువంటివి ఇవ్వడం ఆంధ్రా వారి ఆచారమేమో అనుకున్నానని తరువాత నాతో చెప్పింది.

పని మొదలైంది. గోడ తీశారు. హద్దు పొడవునా తాడు కట్టి, గుంటలు తవ్వి, స్తంభాలు నిలబెట్టి కాంక్రీటు పోశారు. మూలల్లో స్తంభాలు తీగ లాగుడుకు వంగిపోకుండా ఏటవాలుగా ఊతకమ్ములు బిగించారు. ఆ రోజుల్లో సారలమ్మ భర్తను మళ్లీ చేయి పట్టుకొని తీసుకొని వెళ్లింది. కొమురయ్య నొచ్చుకోలేదు. దారిలో ఆగి కొత్త స్తంభాన్ని తడిమి, రంగు నున్నగా ఉన్నదని మెచ్చుకున్నాడు. పనివారితో, “తొందరగ కానియ్యుండ్రి బిడ్డా, మా ఆమె చెయ్యి గుంజుతున్నది” అన్నాడు.

తరువాత ముళ్ల తీగ చుట్టలు వచ్చాయి. ఒకదాని కింద ఒకటిగా వరుసలు లాగి బిగించారు. సారలమ్మ చూసింది. ముందు ముళ్ల తీగ లాగి, దాని మీద జాలి వేస్తారేమో అనుకున్నది. సైమన్ పనిముట్లు సర్దుకొని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఆగింది. జాలి రాలేదు. అప్పుడు ఆమె తన జీవితకాలపు పద్ధతిని విడిచి, ఒక మాటను రెండవసారి అడగడానికి వెళ్లింది.

“సారూ, జాలి ఎప్పుడేస్తరు?”

వెంకటసుబ్బారావు గారికి ఆశ్చర్యం కలిగింది. చీర, బియ్యం, దుప్పటి ఇచ్చి నెల కూడా కాలేదు.

“వేశాం కదమ్మా.”

“ఏసిన్రా?”

“మా చేతనైనంత వేశాం. ఇంకా ఎంతని వేయమంటావు, నువ్వే చెప్పు.”

“గింతేనా సారూ?”

“ఇంతేనమ్మా.”

ఆమె వరండా మెట్లు దిగి వెళ్లిపోయింది. వెంకటసుబ్బారావు గారు లోపలికి వచ్చి, “పెట్టేకొద్దీ ఆశ పెరుగుతుంది మనుషులకు” అన్నారు. విశాలాక్షి గారు కూర తరుగుతూ, “అది అలాంటి మనిషి కాదండీ” అని మాత్రం అన్నారు. అంతటితో ఆ విషయం ముగిసిందని ఇద్దరూ అనుకున్నారు. అక్కడ ఎవరైనా ఒక్కరు పెరటి వంక చేయి చూపి ఉంటే అప్పుడే అర్థమయ్యేది. ఎవరూ చూపలేదు.

సారలమ్మ భర్తతో, “చెయ్యి పెట్టకు. ముండ్లున్నయి” అన్నది. ఎక్కడి నుండో ఒక కర్ర తెచ్చి ఇచ్చింది. కర్ర ముళ్లకు చిక్కుకొనేది. కంచెకు దూరంగా నడిస్తే దారి తెలియక పెరటి మధ్యకు వెళ్లేవాడు. ఒకసారి అక్కడ మా కాలనీవారు నిలిపిన స్కూటరు మీద పడ్డాడు. అతడు వెళ్లి వస్తుండటం మేమందరమూ మా మేడల మీది నుండి చూస్తూనే ఉన్నాము. దారి అతడికి కంఠతా వచ్చునని, కొత్త కంచె కొద్దిరోజులలో అలవాటవుతుందని అనుకున్నాము.

ఒకనాడు ఉదయం వాన కురిసి వెలిసింది. కాలు జారింది. పడిపోయే మనిషి చేయి ఏళ్ల తరబడి దేనిని పట్టుకున్నదో దాని కోసమే వెళ్లింది. తీగ అరచేతిలో దిగింది. అతడికి చక్కెర వ్యాధి ఉన్నది. గాయం ఆ వానకాలమంతా మానలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. చేయి దక్కింది, ఎడమ చూపుడువేలు మాత్రం ఇప్పటికీ సరిగా వంగదు.

ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత కొమురయ్య షెడ్డుకు వెళ్లలేదు. సారలమ్మ చేయి పట్టుకొని తీసుకొని వెళ్తానన్నది, వద్దన్నాడు. కుర్చీలు గదికే పంపే ఏర్పాటు చేశాము. ఆమె తరువాత కుదిరిన రెండిళ్ల పనీ మానుకొని అతడి దగ్గర ఉండవలసి వచ్చింది. నేను పరామర్శకు వెళ్లినప్పుడు అతడు గడప దగ్గర కూర్చొని ఒక కుర్చీని ఒడిలో పెట్టుకొని ఉన్నాడు.

“పని ఆగలేదు కదా కొమురయ్యా, అది నయం” అన్నాను.

“పని ఏడనన్న అయితది ప్రకాశం సారూ” అన్నాడు. “పోవుడు పోయింది.”

 కుర్చీ బాగున్నదని చెప్పి వచ్చాను.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన తీరు ఇది. వానలు వెనుకపట్టిన తరువాత తార్నాకలో దోమలు ఎక్కువయ్యాయి. ఒకనాడు పదకొండు గంటల వేళ మా వీధిలోకి ఒక ఆటో వచ్చింది. దాని మైకులోంచి “కిటికీలకు జాలీ, తలుపులకు జాలీ, దోమల జాలీ ఏస్తాం” అని పదేపదే వినిపించింది. విశాలాక్షి గారు గేటు దగ్గరికి వచ్చారు.

“ఏమిటబ్బాయ్ అది? కిటికీలకు జాలేమిటి?”

“జాలీ అమ్మా. దోమలు రాకుంట.” అతడు చుట్ట విప్పి, ఒక ముక్క ఆమె చేతికిచ్చాడు. “గిదే. సన్న బెజ్జాలదైతె కిటికీకి, పెద్ద బెజ్జాలదైతె కంచెకు. మీకు ఏది గావాలె?”

విశాలాక్షి గారు ఆ ముక్కను తిప్పి చూశారట. తరువాత దానిని అలాగే పట్టుకొని లోపలికి వెళ్లారు. ఆటో అతను, “అమ్మా, శాంపుల్ అమ్మా, అది ఇచ్చి పోవాలె” అంటూ గేటు దాకా వచ్చాడు.

“ఏమండీ, సారలమ్మ ఆ రోజు మిమ్మల్ని ఏమని అడిగింది?”

“ఏ రోజు?”

“కంచె వేసేముందు.”

“జాలి వేయమంది. వేశాం కదా.”

ఆమె ఆ ముక్కను ఆయన చేతిలో పెట్టారు. “దీన్ని ఏమంటారో బయట ఆ అబ్బాయిని అడగండి.”

వెంకటసుబ్బారావు గారు అడిగారు. అక్కడి నుండి నేరుగా మా ఇంటికి వచ్చారు. చెప్పులు లేవు. సోఫాలో కూర్చొని జరిగినదంతా చెప్పి, “ప్రకాశంగారూ, ఆవిడ కంచె అడిగితే నేను చీర ఇచ్చాను” అన్నారు. మేమిద్దరం గదికి వెళ్లాము.

సారలమ్మ విన్నది. మొదట నవ్వింది. తరువాత నవ్వలేదు.

“మెష్ అని చెప్పొచ్చు కదమ్మా” అన్నారు ఆయన. “పోనీ వల అన్నా అర్థమయ్యేది.”

“వలంటె చాపలది గద సారూ.”

“ముళ్లు వద్దని ఒక్క మాట అని ఉంటే.”

“ముండ్లు ఏస్తరని నాకేమెరుక? జాలి ఏస్తమంటిరి. రొండోసారి అడిగితె ఏసినమంటిరి. పెద్ద సదువు సదివిన సారు, ముండ్ల తీగెను గూడ జాలె అంటరేమో అనుకున్న.” కొంచెం ఆగి, “నాదే తప్పు. నోరు అడిగింది, ఏలు చూపియ్యలె” అన్నది.

“నీ తప్పు కాదమ్మా. నాది.”

“అట్లనకుండ్రి సారూ. మీదంటె మీరు మల్ల చీరె తెస్తరు.”

గది గోడకు ఆనుకొని కూర్చొని వింటున్న కొమురయ్య నవ్వాడు. ఆ తరువాత ఆ రోజు నవ్వినవాడు అతడొక్కడే. చీర తీసి మాకు చూపమన్నాడు. ఆమె పెట్టె తెరిచింది. మడత విప్పలేదు. “కట్టుకునేతందుకు బుద్ధి గాలె సారూ. ఎందుకిచ్చిన్రో ఎరుక లేకపాయె” అన్నది.

వెంకటసుబ్బారావు గారు మరునాడే తన సొంత ఖర్చుతో ముళ్ల తీగ తీయించబోయారు. సైమన్ కూడా వచ్చాడు. మొదటి స్తంభం దగ్గర కట్టు విప్పుతుండగా విశ్వవిద్యాలయం సిబ్బంది ఒకరు వచ్చి ఆపారు. స్థలం విశ్వవిద్యాలయానిది, మంజూరైన నమూనాలో ముళ్ల తీగ అని ఉన్నది, లిఖితపూర్వక అనుమతి లేకుండా మార్చరాదు. ఆయన చెప్పినది నియమానుసారమే. కాలనీ తరఫున ఉత్తరాలు రాసే పని నాది కనుక, ఈ విన్నపం చిత్తు రాసి సారలమ్మకు, కొమురయ్యకు చదివి వినిపించాను.

“జాలి అని రాసిన్రా?” అని అడిగింది ఆమె.

“రాశాను. అర్థం కూడా వివరించాను.”

“కొట్టేయుండ్రి సారూ. ఆ ఆఫీసరు ఏ ఊరాయనో ఏమో. ఇంగ్లీషు మాటనే రాయుండ్రి.”

విన్నపం వరకు ఆ మాట కొట్టివేసి చైన్‌లింక్ మెష్ అని రాశాను. కొమురయ్య అప్పుడు తన ఎడమ చేతిని ఒడిలో తిప్పుకుంటూ అన్నాడు.

“ఏసినంక నా చెయ్యి ముంగటికి వస్తదో రాదో ప్రకాశం సారూ. మొన్న తలుపు పట్టుకునేతందుకు గూడ జంకింది.”

“ముందుగాల ఏయనియ్యి” అన్నది సారలమ్మ. “వస్తదో రాదో ఆడికి పోయినంక చూద్దాం.”

 చాలా ఏళ్లు చూపు లేకుండానే నిబ్బరంగా నడిచిన మనిషి ఇప్పుడు గడప దాటడానికి కూడా భార్య అలికిడి కోసం ఆగుతున్నాడు. పోయిన ధైర్యాన్ని ఏ కార్యాలయమూ మంజూరు చేయజాలదని నాకు తెలుసు. ఆ ధైర్యం తిరిగి రాదలిస్తే, దానికి ఆనుకోవడానికి ఒకటి ఉండాలి. ఆ మేరకే మేము అడుగుతున్నాము.

కావున, విశ్వవిద్యాలయ ఎస్టేట్ అధికారి గారికి శ్రీమతి సారలమ్మ, శ్రీ కొమురయ్యల తరఫున సవినయంగా విన్నవించుకునేది ఏమనగా: పెరటి తూర్పు హద్దున, వారి గది నుండి రేకుల షెడ్డు వరకు గల ముళ్ల తీగను తొలగించి, ఇప్పుడున్న ఇనుప స్తంభాలకే చైన్‌లింక్ మెష్ బిగించుకొనుటకు మా కాలనీ సంఘానికి అనుమతి ఇవ్వవలెను. మెష్ అంచుల తీగ మొనలు చేతికి గుచ్చుకొనకుండా లోపలికి మడిపించగలము. భద్రత దృష్ట్యా ముళ్లు ఉండితీరాలని తాము భావించినచో, మనిషి చేతికి అందని ఎత్తున పైవరుసలో మాత్రమే వాటిని ఉంచగలము. ఇందుకయ్యే ఖర్చు విశ్వవిద్యాలయంపై పడదు. మంజూరైన నమూనాలో ఈ మేరకు సవరణ చేసి, రాబోయే వానలకు ముందే ఉత్తర్వులు దయచేయవలసినదిగా ప్రార్థిస్తున్నాను.